అక్కి రాయించుకున్న మూడు రోజులు

నా ఎడమ కంటిలో సగానికి పైగా చూపు పోయింది. కొంత జబ్బు వల్ల పోయింది, కొంత నా కుళ్ళు వల్ల. జబ్బు గురించి డాక్టర్లు అడిగి రాసుకున్నారు. కుళ్ళు గురించి రాసుకోవడానికి వాళ్ళ కాగితాల్లో చోటు లేదు. అందుకని నేను రాస్తున్నాను.

ఇప్పుడు ప్రమాదం దాటింది. వేళ్ళు పెన్ను పట్టుకుంటున్నాయి. కుడి కన్ను బాగుంది. రోజుకో గంట కూర్చోగలుగుతున్నాను.

నాకు అరవై తొమ్మిదేళ్ళు. తణుకు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. నేను చేసిన పనికి చదువు లేకపోవడం కారణమని ఎవరూ అనుకోకూడదు.

నిరుడు కార్తీకంలో మావారు పోయారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడ రాయను.

మావి ఒకే ప్రహరీ లోపల రెండు ఇళ్ళు. ఒకటి మాది, రెండోది మా మరిది సత్యానిది. అతని భార్య పద్మ నా తోడికోడలు, నాకంటే మూడేళ్ళు చిన్నది. రెండు వంటగదుల మధ్య ఆరడుగుల సందు. ఒక ఇంట్లో పోపు పెడితే రెండో ఇంట్లో తుమ్ములొస్తాయి. మాటలూ అంతే, ఆగవు. మావారు పోయిన నెలకే ఆ మాటలు నాకు ఎక్కువగా వినపడడం మొదలుపెట్టాయి.

"ఏవండీ, తడి తువ్వాలు మళ్ళీ మంచమ్మీదే పడేశారా?"

"పొరపాటైపోయిందే బాబూ."

"నలభై ఏళ్ళ నుంచీ రోజూ పొరపాటేనా?"

నేను ఇటుపక్క స్టవ్ దగ్గర నిలబడి వినేదాన్ని. వాళ్ళు ముద్దుగా మాట్లాడుకున్నా ఏమీ అనిపించేది కాదేమో. ఆ తువ్వాలు మీద కుళ్ళొచ్చేది. మా మంచం మీద తడి తువ్వాలు పడేసే మనిషి లేడు. మంచం ఎప్పుడూ పొడిగా, సర్దినట్టుగా ఉండేది.

మావారు బాగా చదివే మనిషి. నచ్చిన చోట అంచున సన్నగా పెన్సిలు గీత పెట్టేవారు. ఆయన పోయాక ఆ పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి మొదటి పేజీ నుంచీ చదవసాగాను. గీత కనిపిస్తే ఆగి, ఇక్కడెందుకు పెట్టారా అని ఆలోచించేదాన్ని. ఒక్కోసారి అర్థమయ్యేది, ఒక్కోసారి లేదు. రెండు బీరువాల పుస్తకాలు. అవి పూర్తయ్యేదాకా ఆయనతో నాకు పని ఉందనుకున్నాను. కన్ను పోతుందేమోనన్నప్పుడు నాకు భయం వేసింది ఈ పని గురించే.

జబ్బు ఫిబ్రవరిలో మొదలైంది. ఒక పొద్దున లేవబోతే రెండు చేతులూ భుజాల దాకా లేవలేదు. వేళ్ళు ఉబ్బి పిడికిలి ముడుచుకోలేదు. పదకొండు గంటలకి కాస్త సడలాయి. మర్నాడూ అంతే. రవిక హుక్కులు పెట్టుకోవడానికి అరగంట పట్టేది. సీసా మూత తిప్పలేక పచ్చడి లేకుండా తిన్నాను. జుట్టు ముడి వేసుకోలేక తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేదాన్ని.

పద్మ కరివేపాకు ఇవ్వడానికొచ్చి చూసింది.

"పదవుతోంది, జుట్టు విరబోసుకుని కూచున్నారేంటి అక్కయ్యా?"

"చెయ్యి లేవట్లేదు పద్మా."

"ఎప్పట్నించీ?"

"పది రోజులైంది."

"పది రోజులా? పక్కింట్లో నేనేమన్నా చచ్చానా? సందులోంచి ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కదా!"

లోపలికెళ్ళి దువ్వెన తెచ్చి, అడక్కుండానే నా వెనక కూర్చుంది. ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. చిక్కు తీసి, జడ అల్లి, ముడి వేసి, హుక్కులు పెట్టి వెళ్ళేది. ఆవిడ వేళ్ళు చకచకా కదులుతుంటే నా ఒళ్ళో పడి ఉన్న నా వేళ్ళకేసి చూసుకునేదాన్ని. పద్మకి అరవై ఆరు. ఒక్క మాత్ర వేసుకోదు. నిండు గ్యాస్ సిలిండర్ ఒంటిచేత్తో దొర్లించుకుపోతుంది. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు, నడక మాటే ఎత్తదు. నేను ఇరవై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం కాలవగట్టు మీద నడిచినదాన్ని. ఆవిడకి ఒళ్ళూ బాగుంది, మొగుడూ ఉన్నాడు. రెండూ ఒకరికే ఎందుకు ఇవ్వాలి? ఇది నేను ఎవరితోనూ అనలేదు. జడ అల్లించుకుంటూ అనుకున్నాను.

ఊళ్ళో డాక్టరు వయసన్నాడు, చలన్నాడు, నొప్పి మాత్రలిచ్చాడు. నెల గడిచినా తగ్గలేదు. అప్పుడు సత్యం, "ఇలా కాదు వదినా, రాజమండ్రిలో కీళ్ళవాతం డాక్టరుంది, నే తీసుకెళ్తాను" అన్నాడు. అతను కారు నడుపుతుంటే పద్మ పక్కన, నేను వెనక. మార్చిలో మొదటిసారి అలా వెళ్ళాం.

ఆసుపత్రుల్లో కూర్చునే గదుల గురించి నాకు కొంత తెలుసు. మావారితో తొమ్మిది రోజులు అలాంటి గదిలోనే కూర్చున్నాను. కానీ అప్పుడు నా చూపు తలుపు మీదే ఉండేది. ఈసారి మనుషుల మీద పడింది. దాదాపు అందరూ జంటలే. నా ఎదురుగా ఒక పెద్దాయన, నావంటి చేతులే. భార్య నీళ్ళసీసా మూత తీసి, అంచు కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, "చల్లగా లేవే" అని విసుక్కున్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది.

నా పక్కనున్నావిడ భీమవరం నుంచి వచ్చిందట. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీవారు రాలేదాండీ?"

"లేరండి."

"అయ్యో. మరి తోడెవరొచ్చారు?"

"మా మరిదీ, తోడికోడలూ."

"తోడికోడలా! పెట్టి పుట్టారండీ మీరు. మా తోడికోడలైతే నా పన్నెండో రోజు భోజనానికి తప్ప రాదు."

పద్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు వయసులో చిన్నది, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసుంటుంది. రక్తపరీక్షలు చూసి, ఇది అరుగుదల కాదని, ఒంట్లో రక్షణ వ్యవస్థ సొంత కీళ్ళ మీద పడడమని చెప్పింది. ఈ వయసులో కొత్తగా రావడమేంటని అడిగాను.

"వస్తుందండీ. వయసు పెరిగితే రోగనిరోధక శక్తి తగ్గుతుందనే అందరూ అనుకుంటారు. తగ్గడం ఒకటి. గురి తప్పడం ఇంకోటి. బయట నుంచి వచ్చినదాన్ని సరిగా పట్టుకోదు, సొంతదాన్ని పట్టుకుంటుంది. పెద్దవయసులో ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. నేనిచ్చే మందులు దాని జోరు తగ్గిస్తాయి. కీళ్ళు బాగుపడతాయి. కానీ అసలే తగ్గిన కాపలా ఇంకాస్త తగ్గుతుంది. అందుకని జ్వరమొచ్చినా, ఒంటి మీద పొక్కులు లేచినా, ఆ రోజే ఫోన్ చెయ్యాలి. రేపు చూద్దాం అనుకోకూడదు."

"నేను చూసుకుంటానండీ డాక్టరు గారూ" అంది వెనక నుంచి పద్మ.

ఆ గది గోడ మీద ఒక బొమ్మ ఉంది. సైనికులు వెనక్కి తిరిగి సొంత కోటనే పొడుస్తున్నట్టు. ఇలాంటి బొమ్మ చూసి జబ్బుని మనసుకి పోల్చాలనిపిస్తుంది. నేను పోల్చను. కీళ్ళకి వచ్చింది జబ్బు. నా బుద్ధికి వచ్చినది వేరు, దానికి నేనే జవాబు చెప్పాలి.

రోజూ వేసుకునే చిన్న మాత్ర ఒకటి, వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర ఒకటి ఇచ్చారు. ఏప్రిల్ నెలాఖరుకి చేతులు లేచాయి. నా జడ నేనే వేసుకోగలిగాను. అయినా పద్మ రావడం మానలేదు, నేనూ వద్దనలేదు. మందుల వల్ల ముఖం ఉబ్బింది. తణుకు బజార్లో మా దూరపు చుట్టం ఒకావిడ ఎదురై, "బాగా ఒళ్ళు చేశారు పిన్నీ! బాబాయిగారు పోయిన దిగుల్లోంచి తేరుకున్నట్టున్నారు" అంది.

"మందుల వాపమ్మా అది" అంది పద్మ. "నీకూ కావాలంటే రెండు మాత్రలిప్పిస్తాం."

ఆ మాటకి నేను పద్మకి రుణపడాలి. పడలేదు. నా తరఫున మాట్లాడే బలం కూడా ఆవిడ దగ్గరే ఉందని కుళ్ళుకున్నాను.

మే నెల ప్రయాణంలో ఇంకోటి జరిగింది. కొవ్వూరు దాటి వంతెన ఎక్కాం. పద్మ సంచీలోంచి చక్కెరకేళి పండు తీసి, ఒలిచి, ముక్క తుంచి సత్యం నోటి దగ్గర పెట్టింది. అతను చూపు రోడ్డు మీదే ఉంచి నోరు మాత్రం ఇటు తిప్పి అందుకున్నాడు. ఇంకో ముక్క. ఇంకో ముక్క. మాటల్లేవు. వంతెన పొడుగునా అదే. నేను వెనక సీట్లోంచి చూశాను. కిటికీలోంచి గోదావరి చూడొచ్చు, చూడలేకపోయాను. ఇక ఈ సీట్లో కూర్చోనని ఆ వంతెన మీదే నిర్ణయించుకున్నాను.

జూన్ లో ఒక్కదాన్నే బస్సులో వెళ్ళొచ్చాను. సత్యం నొచ్చుకున్నాడు. "మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా వదినా?" అన్నాడు. ఏమీ లేదు, చేతులు బాగున్నాయి, నాలుగడుగులు వేసినట్టుంటుందని చెప్పాను.

జూలై రెండో వారంలో, ఒక శనివారం పొద్దున, పద్మ తల దువ్వుతుంటే ఎడమ నుదుటి మీద దువ్వెన తగిలి అరిచాను. మిరపకాయ నూరి రాసినట్టు మంట. పైకి ఏమీ కనపడలేదు. తలనొప్పన్నాను. ఆదివారం పొద్దున అద్దంలో చూసుకుంటే కనుబొమ పైన ఎర్రటి మచ్చలో చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తులుగా ఉన్నాయి. నడినుదుటి దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయి. కుడిపక్క ఒక్కటీ లేదు.

చూడగానే తెలిసింది. అక్కి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ ఒంట్లోనే ఉండిపోయి, ఒంటి కాపలా తగ్గినప్పుడు ఒక నరం వెంట బయటికొస్తుంది. మా వైపు అక్కి వస్తే కుమ్మరి దగ్గరికెళ్ళి రాయించుకుంటారు. ఆయన ఎర్రమట్టి నూరి, పొక్కుల మీద పుల్లతో గీతలు గీస్తాడు. అవి సింహం బొమ్మలంటారు. వరసగా మూడు పొద్దులు రాయిస్తే అక్కి మాడిపోతుందని నమ్మకం. చాలామందికి దానంతటదే మాడుతుంది కాబట్టి ఆ నమ్మకం నిలబడింది. క్లాసులో పిల్లలకి నేనే ఇలా విడమరచి చెప్పేదాన్ని.

కారు వాకిట్లో ఉంది. ఆ రోజు వాళ్ళు ఎక్కడికీ వెళ్ళట్లేదు. సందులోంచి ఒక్క కేక వేస్తే చాలు. గంటలో నన్ను బయల్దేరదీస్తారు. బస్సులో వెళ్తానంటే ఆ మొహంతో ఒప్పుకోరు. నేను వెనక కూర్చోవాలి, ఆ రెండు తలలూ చూస్తూ వంతెన దాటాలి. మూడు రోజులు ఎలాగోలా గడిస్తే, చాలామందికి తగ్గినట్టే నాకూ తగ్గుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. నా ఒంట్లో కాపలా తగ్గించే మందులు వాడుతున్నానని నాకు గుర్తుంది. డాక్టరు మాటా గుర్తుంది. గుర్తుండే చేశాను.

జలుబు చేసింది, దగ్గరికి రావద్దని పద్మకి చెప్పి, కొంగు నుదుటి మీదకి లాక్కుని ఆటో ఎక్కాను.

పక్కూళ్ళో కాలవగట్టు మీద కుమ్మరి పేరయ్య ఇల్లు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మగారా! మీరొచ్చారేంటండి?"

"అక్కి వచ్చింది. రాయించుకుందామని."

"మావోడు మీ క్లాసులోనే చదివాడండి. ఇంటికొచ్చి, 'నాన్నా, నువ్వు రాసేదంతా ఉత్తిదంట, టీచరుగారు చెప్పార'న్నాడు. నాలుగ్రోజులు నాతో మాటాడలేదు."

"అవును. నేనే చెప్పాను."

"మరి?"

"రాయండి పేరయ్యగారూ."

ఆయన లోపలికెళ్ళి చిప్ప తెచ్చాడు. మట్టి నూరి రాశాడు. చల్లగా ఉంది. ఆ కాసేపూ మంట తగ్గింది కూడా. ఇంటికి రాగానే తలుపు వేసుకున్నాను. సందులోంచి పద్మ గొంతు వినపడింది. "అక్కయ్యా, మిరియాల చారు పెట్టాను, గుమ్మంలో పెడుతున్నా, తీసుకోండి!" తీసుకున్నాను.

సోమవారానికి రెప్ప వాచింది, కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయాను. పేరయ్య రాస్తూ రాస్తూ రెండుసార్లు ఆగాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. మధ్యాహ్నం పుస్తకం తీశాను. ఎడమ కంటితో చూస్తే అక్షరాలన్నీ ఆవిరి పట్టినట్టున్నాయి. పెన్సిలు గీత అసలు కనపడలేదు. అప్పుడైనా కేక వేయాల్సింది. ఇంకొక్క పొద్దే కదా అనుకున్నాను.

మంగళవారం పొద్దున ముక్కు కొన మీద రెండు పొక్కులు లేచాయి. పేరయ్య వాటిని చూసి మట్టి చిప్ప కింద పెట్టేశాడు.

"నేన్రాయనండమ్మా."

"మూడో పొద్దు కదా ఇవాళ?"

"ముక్కు మీదకొచ్చిందంటే కంట్లోకి దిగిందన్నట్టే. నిన్ననే చెబుదామనుకున్నా. చదువుకున్నోరు, మీకు తెలీదా అని నోరు మూసుకున్నా, తప్పు నాదే. మా ఆవిడకి ఇలాగే ముక్కు మీదకొస్తే నేను రాసుకుంటా కూచున్నానండి. ఆ కన్ను పోయింది. ఇంట్లో ఎవరూ లేరాండి?"

"ఉన్నారు."

"కారూ అదీ?"

"ఉంది."

"మరి ఇక్కడేం చేస్తున్నారమ్మా?"

ఆయన రోడ్డు మీదకెళ్ళి అడ్డంగా నిలబడి ఆటో ఆపాడు. "టీచరమ్మగార్ని ఇంటికాడ దింపు, మజ్జలో ఎవర్నీ ఎక్కించుకోకు" అని చెప్పి పంపాడు.

పద్మ వాకిట్లో వడియాలు పెడుతోంది. కొంగు తీసేసి ఎదురుగా నిలబడ్డాను. పిండి చేతుల్తోనే లేచింది.

"ఏంటది మొహానికి? మట్టేంటి?" దగ్గరికొచ్చి చూసింది. "అక్కి రాయించుకున్నారా? మీరా?"

"మూడు రోజులైంది."

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇంట్లోకి తిరిగి, "ఏవండీ! చొక్కా తొడుక్కోండి, రాజమండ్రి!" అని అరిచింది. చేతులు కడుక్కుని, తడిగుడ్డ తెచ్చి, కారులో నా పక్కన కూర్చుంది. ఒక చేత్తో కీళ్ళ డాక్టరుకి ఫోన్ చేస్తూ, ఇంకో చేత్తో పొక్కులు చిట్లకుండా చుట్టూ ఉన్న మట్టి అద్దుతూ ఉంది. ఆ స్థితిలో కూడా ముందు సీటు ఖాళీగా ఉందని నేను గమనించాను. గమనించి సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగిందదే.

వంతెనకి ముందు పద్మ, "ఆపండి. ఇది తిని నడపండి" అని సంచీలోంచి పండు ముందుకి అందించింది. సత్యం కారు పక్కకి ఆపి రెండు నిమిషాలు తిన్నాడు. నా కన్ను పోతుంటే వీళ్ళకి తిండి గుర్తొచ్చిందని పళ్ళు కొరుక్కున్నాను.

కంటి ఆసుపత్రిలో డాక్టరు ఎన్ని రోజులైందని అడిగాడు. "నిన్న సాయంత్రం నుంచి" అన్నాను.

"కాదండీ" అంది పద్మ. "శనివారం దువ్వెన తగిలితే అరిచారు. అంటే నాలుగో రోజు. మర్నాడే నేను దగ్గరికొచ్చి చూడాల్సింది."

నా అబద్ధాన్ని సరిదిద్ది, తప్పు తన మీద వేసుకుంది. డాక్టరు రాసుకున్నాడు. పొక్కులు లేచిన రోజే మందు పడుంటే చాలా తేడా ఉండేదని, ఇప్పుడు ఎంత నిలుస్తుందో చూడాలని అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

వారం రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. వారం మాత్ర ఆపేశారు. కాపలా మళ్ళీ లేవాలి కాబట్టి తప్పలేదు. దాంతో కీళ్ళు మళ్ళీ బిగిశాయి. ఇంటికొచ్చాక కంట్లో చుక్కలు రెండు గంటలకోసారి వెయ్యాలి, నా వేళ్ళు ఆ సీసాని నొక్కలేవు. పద్మే వేసేది. నలభై రోజులు చదవడానికి వీల్లేదన్నారు. పొక్కులు మాడినా నుదుటి మీద మంట పోలేదు, ఇప్పటికీ గాలి తగిలితే చాలు. సత్యం సాయంత్రాలు వచ్చి పేపరు చదివి వినిపిస్తానని కూర్చునేవాడు. రొయ్యల రేట్లు, వర్షం, మళ్ళీ రొయ్యల రేట్లు. "కథలూ అవీ నాకు నోరు తిరగవు వదినా, అన్నయ్యకైతే తిరిగేవి" అన్నాడు ఒకరోజు. అన్నయ్య పోయాక అతను ఆ మాట ఎత్తడం అదే మొదలు. అతనికీ అన్న పోయాడని నాకు అప్పటిదాకా తోచలేదు.

సెప్టెంబరు మొదట్లో చెప్పేశాను. చుక్కలు వేశాక అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. ఎదుటి మొహం చూడక్కర్లేని ఆ అయిదు నిమిషాలు నాకు అనువుగా దొరికాయి. తువ్వాలు సంగతి చెప్పాను. ఆవిడ చేతుల సంగతి చెప్పాను. వంతెన మీద పండు సంగతి, బస్సు సంగతి, కేక వెయ్యకపోవడానికి కారణం, అన్నీ వరసగా చెప్పాను.

"అరటిపండు ముక్క చూసి కన్ను పోగొట్టుకున్నారా అక్కయ్యా?"

"అవును."

"మీ మరిదికి షుగరు. రెండేళ్ళయింది. దూరం నడిపితే దిగిపోయి కళ్ళు తిరుగుతాయి, ఒకసారి కాలవలోకి పోబోయాం. అందుకని దారిలో పండు పెడతాను. మీకు చెబితే మా కారెక్కరని, 'ఎందుకు లేవయ్యా' అని బస్సెక్కుతారని చెప్పలేదు." సీసా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "చెప్పకపోయినా బస్సే ఎక్కారు."

లేచి వెళ్ళిపోయింది. నేను కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో లేదు.

రెండు రోజులు రాలేదు. చుక్కలకి సత్యాన్ని పంపింది. అతను వేస్తే సగం చెంప మీద పడేవి. "దీనికంటే రొయ్యల చెరువులో మందు కొట్టడం తేలిక" అని చెమటలు తుడుచుకునేవాడు. మూడో రోజు పొద్దున పద్మ దువ్వెన పట్టుకుని వచ్చింది. నా వెనక కూర్చుంది. మంట ఉన్న వైపు తప్పించి దువ్వింది.

"నా మీద ఎప్పుడన్నా కోపమొస్తే మొహమ్మీద తిట్టండి" అంది. "నేనూ తిడతాను. మా ఆయన్ని తిట్టట్లేదా?"

"సరే."

"ఇప్పుడు తిట్టనా?"

"తిట్టు."

తిట్టింది. పావుగంట తిట్టింది. సందులోంచి సత్యం, "ఏమైందే?" అని అడుగుతున్నా ఆపలేదు.

నిజం తెలిశాక నా కుళ్ళు పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఆ పండు వెనక భయం ఉందని తెలిశాక ఇంకాస్త పెరిగింది. ఒక మనిషి షుగరు దిగిపోతుందేమోనని పద్మ సంచీలో పళ్ళు పెట్టుకుంటుంది. నాకు అలా పెట్టుకోవలసిన మనిషి లేడు. ఆ లోటు తీరేది కాదు. అయితే ఇప్పుడు ఆ సంగతి పద్మకి తెలుసు. అంతవరకు మేలు.

కార్తీకంలో మావారి సంవత్సరీకం అయింది. ఆ వారమే రాజమండ్రి వెళ్తే కంటి డాక్టరు కుడి కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. పై రెండు వరసలు చదివాను. మూడోది చదవలేకపోయాను. నల్లగుడ్డు మీద మచ్చ నిలిచిపోయిందని, చూపు ఇంక పెద్దగా పెరగదని, తరగకుండా చూసుకుందామని చెప్పాడు. కీళ్ళ డాక్టరు మందులు మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి తక్కువ మోతాదులో. కాపలా ఎక్కువైతే కీళ్ళు, తక్కువైతే అక్కి లాంటివి. ఈ రెండింటి మధ్యనే ఇక నా రోజులు. కుడి కంటితో పుస్తకం చదువుతున్నాను, పూటకి నాలుగు పేజీలు. ఈ లెక్కన రెండు బీరువాలు పూర్తి కావు.

నా వయసువాళ్ళు ఎవరైనా చదువుతుంటే, ఇలాంటి మందులు మొదలుపెట్టే ముందే అక్కికి టీకా సంగతి డాక్టర్ని అడగండి. ఉందట, నాకు ఆలస్యంగా తెలిసింది. ఒంటికి ఒకపక్కే మంటతో పొక్కులు లేస్తే, అందులోనూ మొహం మీదైతే, ఆ పూటే పక్కనున్న మనిషికి చెప్పండి. ఆ మనిషంటే మీకు గిట్టకపోవచ్చు. ఆ మనిషికి ఉన్నవి మీకు లేకపోవచ్చు. ముందు చెప్పండి. కుళ్ళుకోవడానికి తరవాత బోలెడు తీరిక ఉంటుంది.